దెబోరా కోసం ప్రార్థన

మొన్న తాడేపల్లిగూడెంలో మొక్కలు అమ్మేచోట తడిసిన కొబ్బరిపొట్టు బస్తా విప్పగానే వచ్చిన వాసనకు, గులాబీ కొందామని వెళ్లినదాన్ని అలాగే నిలబడిపోయాను. నా తొమ్మిదో ఏట పెంటపాడు దగ్గర మా ఇంటి వసారాలో, చేపలు చచ్చిపోయాక ఖాళీగా మిగిలిన అద్దాల తొట్టిలో అదే వాసన ఉండేది. అందులో మా అన్నయ్య పెంచే టరాంటులా, అరచేయంత బొచ్చు సాలీడు, కాపురం ఉండేది.

వానలకు ముందు వంటపాక పాత తాటాకు విప్పుతుంటే దొరికింది. "ఆ బొచ్చు పురుగుని ఇంట్లో ఎట్టుకుంటావేంట్రా, చుట్టాలొస్తే ఏవనుకుంటారు?" అని అమ్మ గోల పెడితే, సంఘపెద్ద అయిన నాన్నగారు "దేవుడు చేసిందే కదే, ఉండనీ" అన్నారు. అన్నయ్య దానికి దెబోరా అని పేరు పెట్టాడు. అంతవరకూ బడి నుంచి రాగానే తాటికాయల బండి మీద నన్ను లాగినవాడు, క్రిస్మస్‌కు అమ్మ వండిన గులాబీపువ్వుల పిండివంటలో విరగనివి ఏరి నాకు దాచినవాడు, ఇప్పుడు అరటిచెట్ల కింద దానికోసం మిడతలు పట్టేవాడు, సీసామూతలో నీళ్లు పోసేవాడు, పొట్టు మీద నీళ్లు చిలకరిస్తూ నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా దానితో మాట్లాడేవాడు.

ఒక ఆదివారం, నాకు రెండు రోజులుగా జ్వరం. అయినా సండే స్కూలుకు వెళ్లాను. ప్రార్థన అవసరాలు చెప్పమనగానే అన్నయ్య లేచి, "దెబోరా మేత మానేసిందండీ, ప్రేయర్ చేయండి" అన్నాడు. నా జ్వరం మాట ఎత్తలేదు. పిల్లలందరూ కళ్లు మూసుకుని అది బతకాలని వేడుకుంటుంటే, నేనూ కళ్లు మూసుకుని, అది చచ్చిపోవాలని అంతే భక్తితో ప్రార్థించాను.

మరునాడు బడికి పోలేక ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం తొట్టిలోకి చూస్తే దెబోరా వెల్లకిలా పడి ఉంది. దేవుడు అంతమంది మాట కాదని నా మాట విన్నాడని మొదట పొంగిపోయాను, తరువాత భయపడ్డాను. కొబ్బరిచిప్పలోకి తీసి, మునగచెట్టు కింద పాతిపెట్టి, ఈనెలతో సిలువ చేసి గుచ్చి, సమాధి కూటంలో పాస్టరుగారి లాగే చేతులెత్తి ప్రార్థన కూడా చేశాను.

సాయంత్రం అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఒసేయ్, అది రోగం కాదంట! కుబుసం విడుస్తుందంట! వెల్లకిలా పడుకుంటుందంట, అప్పుడు ముట్టుకోకూడదంట! సైన్సు మాస్టారు చెప్పారు!"

నా చేతుల మట్టి చూసి ఆగిపోయాడు. తవ్వి తీస్తే, వీపు దగ్గర పాత తొడుగు చీలి, లోపలి లేత కాళ్లకు మట్టి అంటుకుని ఉంది. కదల్లేదు.

"నాన్నగారికి చెప్పకు," అన్నాడు. అంతే.

ఆ తరువాతి ఆదివారం సండే స్కూల్లో లేచి నిలబడి, "మేత తినక చచ్చిపోయిందండీ," అని నా కోసం అబద్ధమాడాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. తప్పించుకున్నందుకు సంతోషించాల్సిన నేను, జ్వరంతో మూలిగినప్పుడు నాకోసం రాల్చని ఆ కన్నీళ్లనే చూస్తూ కూర్చున్నాను.

ఆ వంటపాక లేదు. తాటిచెట్లున్న గట్లు చేపల చెరువుల్లో కలిసిపోయాయి. అలాంటి సాలీడు మళ్లీ నా కంట పడలేదు. సంఘం ముందు ఎన్నో పాపాలు ఒప్పుకున్నాను గానీ ఏలూరులో ఉంటున్న అన్నయ్యను ఇది మాత్రం క్షమించమని అడగలేదు. అడిగితే క్షమిస్తాడు, తెలుసు. క్షమించి, ఆ పూటంతా దాని గురించే మాట్లాడతాడు.