పింగాణీ మీద పసుపు బొట్టు

మా బావ భూమయ్య గొప్ప మేస్త్రి. కాదని ఎవడైనా అంటే ఈ రోజుకీ నేను వాడితో కొట్లాటకు దిగుతాను. కానీ ఆయన చేసిన ఒక తప్పు గురించి ఊళ్లో నోటికొచ్చినట్టు చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకడు బండికి దెయ్యం పట్టిందంటాడు, ఇంకొకడు దేవుడు ఆపాడంటాడు. అక్కడున్నవాణ్ని నేను. ఉన్నది ఉన్నట్టు నేనే చెబుతాను. నా పేరు బుచ్చిరాములు. భూమయ్య నా అక్క కొమురవ్వ పెనిమిటి. అప్పట్లో ఆయన షెడ్డులోనే ఒక మూల కూర్చుని సైకిలు పంక్చర్లు వేసేవాణ్ని.

బావ పుట్టింది సాలెవాళ్ల ఇంట్లో. ఇరవై ఏళ్లు దాటేదాకా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసినవాడే. నూలు దొరక్క మగ్గం ఆగిపోతే సికింద్రాబాదు వెళ్లి, మిలిటరీ లారీలు బాగుచేసే చోట కూలీగా చేరాడు. ఐదేళ్లలో ఆ విద్య మొత్తం పట్టుకుని తిరిగొచ్చి, సిద్దిపేటలో పట్నం వెళ్లే తోవ పక్కన రేకుల షెడ్డు వేశాడు. ఊళ్లో ఉన్న మోటార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

మగ్గం వదిలినా మగ్గం అలవాట్లు ఆయన్ని వదల్లేదు. ఏ వైరు ఏ సిలిండరుదో మారిపోకుండా రంగు రంగుల నూలు పోగులు కట్టేవాడు. ఇంజన్ నడుస్తుంటే దాని ముందు నిలబడి కళ్లు గట్టిగా మూసుకుని వినేవాడు. నేసేటప్పుడు పోగు తెగితే కంటికన్నా ముందు చెవికి తెలుస్తుందట. "కండ్లు మోసం జేస్తయ్‌రా బామ్మర్దీ, చెవులు జెయ్యవు" అనేవాడు. నిజం చెప్పాలంటే నూటికి తొంభై సార్లు ఆ చెవి చెప్పిందే నిజమయ్యేది. మిగతా పది సార్లు ఆయన ఒప్పుకునేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇంకో అలవాటు బొట్టు. మా ఇళ్లల్లో మగ్గంలో పోగు అటూ ఇటూ తిప్పే నాడె కొత్తది కొన్నా, కొత్త కత్తెర కొన్నా, పసుపు కుంకుమ పెట్టనిదే పనికి తీయరు. బావ దాన్ని మోటారు పనిలోకి కూడా తెచ్చాడు. కొత్త బోల్టు వేసినా, కొత్త బెల్టు వేసినా, చివరకు పాతది తీసి కడిగి మళ్లీ బిగించినా సరే, బొట్టు పడాల్సిందే. షెడ్డు గూట్లో పసుపు, కుంకుమ, చిన్న నీళ్ల చెంబు ఎప్పుడూ ఉండేవి. మొదట్లో నేను ఎగతాళి చేశాను. ఒకసారి పానా విసిరాడు. ఆ తర్వాత నా పని నేను చూసుకున్నాను.

ఇది జరిగింది నలభై నాలుగులో, శ్రావణ మాసంలో. యుద్ధం రోజులు. పెట్రోలు కూపను మీద కొలిచి ఇచ్చేవారు. మా ఊళ్లో ఒక వకీలు సాబుకు నాలుగు సిలిండర్ల పాత కారు ఉండేది. దాని డ్రైవరు దేవదాసు. అతనిది క్రైస్తవుల వాడ, నెమ్మదైన మనిషి. ఆ కారు ఇంజన్‌లో నిప్పు పుట్టించే ప్లగ్గులు అరిగిపోయి రెండు నెలలుగా సతాయిస్తుంటే, వకీలు సాబు ఎవరెవరినో పట్టుకుని సికింద్రాబాదు నుంచి నాలుగు కొత్త ప్లగ్గులు తెప్పించాడు. దేవదాసు వాటిని రుమాలులో చుట్టుకుని తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

బావ నాలుగూ బిగించాడు. పసుపు తడిపి, ఒక్కొక్క ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద నిండుగా రాసి, దాని మీద కుంకుమ పెట్టాడు.

దేవదాసు పక్కనే నిలబడి చూస్తూ, "మేస్త్రీ, పింగాణీ సాఫుగ ఉండాలంటరు గద. గీ పసుపు ఏమన్న అడ్డమైతదేమో" అన్నాడు. మెల్లగా, సందేహంగానే అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. "నీకు బొట్టంటే గిట్టదు, గందుకని ఇంజనుకు గూడ గిట్టదా? బండి తోలెటోనివి తోలు. నా పనిల ఏలు వెట్టకు."

దేవదాసు వెనక్కి జరిగాడు. ఆ మాటలు నేను విన్నాను. పంక్చరు అతుకుతూ నవ్వాను కూడా.

బండి స్టార్టయింది. షెడ్డులో నిలబెట్టి ఉంచినంతసేపు బాగానే ఆడింది. మర్నాడు వకీలు సాబు హైదరాబాదు కోర్టుకు బయలుదేరాడు. కొండపాక దాటిన తర్వాత ఎత్తు ఎక్కేసరికి ఇంజన్ తడబడటం మొదలుపెట్టింది. లాగదు, దగ్గుతుంది, అదురుతుంది. మెల్లగా పోయే ఎడ్లబండి కూడా దాన్ని దాటిపోయిందట. ఆ రోజు పేషీ పోయింది. వకీలు సాబు మంట మీద తిరిగొచ్చి, కారు షెడ్డు ముందు ఆపించి, "రెండు నెలలు ఆగి తెప్పించిన. గిదేనా నీ పనితనం?" అని అందరి ముందూ బావను అడిగాడు.

బావకు అంతకన్నా పెద్ద దెబ్బ లేదు. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున ఆ ఇంజన్ మీదే ఉన్నాడు. ఏ సిలిండరు పని చేయడం లేదో చూడటానికి చెక్క పిడి స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క ప్లగ్గుకొచ్చే కరెంటును ఇంజన్ ఇనుముకు దింపేవాడు. చప్పుడు మారితే ఆ సిలిండరు బతికున్నట్టు, మారకపోతే చచ్చినట్టు. ఒకసారి రెండోది చచ్చేది, మరోసారి నాలుగోది. ప్లగ్గులు తీసి, వైరు తగిలించి, ఇనుము మీద పడుకోబెట్టి ఇంజన్ తిప్పితే నాలుగింటికీ నిప్పు బ్రహ్మాండంగా వచ్చేది. "ప్లగ్గులల్ల ఏం లేదు" అన్నాడు. వైర్లు చూశాడు, పాయింట్లు ఆకురాయితో రుద్దాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు మళ్లీ బిగించిన ప్రతిసారీ కొత్తగా పసుపు తడిపి బొట్టు పెట్టాడు. ఇంజన్ మీద బరువు పడితే మళ్లీ అదే తడబాటు.

మధ్యాహ్నానికి వకీలు సాబు, దేవదాసు వచ్చారు. బావ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి రుద్దుకుని చూశాడు. ఒకసారి ఇంజన్ వైపు చూసి మూత బిగించాడు. తర్వాత అన్నాడు.

"పెట్రోల్ల గ్యాసునూనె కలిసినట్టుంది సాబ్."

కిరసనాయిలు కలపడమంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం. డ్రైవరు పెట్రోలు అమ్ముకుని, తగ్గిన కొలతను దాంతో నింపాడని. యుద్ధం రోజుల్లో అది జైలు మాట. దేవదాసు భయంతో తన మెడలోని తువ్వాల తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను ముట్టలే సాబ్. నా పిల్లల మీద ఒట్టు."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేస్తున్నవేందిరా" అని వకీలు సాబు చెంప మీద ఒకటి వేశాడు. బండి తాళం లాక్కున్నాడు. "శనివారం పొద్దున పోలీసు అమీన్‌కు అప్పజెప్త. అందాక నా అరుగు మీద కూసో. కదిలినవంటే గప్పుడే అప్పజెప్త" అన్నాడు. అది గురువారం.

వాళ్లు వెళ్లిన తర్వాత, "బావా, వేరే పెట్రోలు పోసి చూసినవా?" అని అడిగాను.

"ఏడికెల్లి తేవాలె? కూపను మీ అయ్య ఇస్తడా?" అని కసిరాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదే అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయన షెడ్డులో ఉండి బతికేవాణ్ని కదా.

శుక్రవారం పొద్దున దేవదాసు భార్య విజయరాణి వచ్చింది. నాట్లకు కూలికి పోయే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. షెడ్డు గుంజ పక్కన నిలబడి అడిగింది.

"మేస్త్రీ, మా ఆయన నూనె కలుపంగ నువ్వు చూసినవా?"

"చూడలే. వాసన జూసిన."

"వాసన తోటి మనిషిని జైల్ల ఏస్తరా?"

బావ పానా తీసుకుని ఇంజన్ మీదికి వంగాడు. ఆమె వెళ్లలేదు. ముసురు పట్టింది. గుంజకు ఆనుకుని అక్కడే కూర్చుంది. మా అక్క కొమురవ్వ అన్నం తెచ్చి, ఆమెను చూసి, గిన్నె మూత తీయకుండానే బావ ముందు పెట్టింది. "తిన బుద్ధయితే తిను" అని వెళ్లిపోయింది. ఆ గిన్నె సాయంత్రందాకా అలాగే ఉంది.

నేను ఇక ఉండలేకపోయాను. బస్సు నడిపే ఒకాయన నాకు తెలుసు. వాళ్లింటికి వెళ్లి బతిమాలి ఒక సీసాడు మంచి పెట్రోలు తెచ్చాను. బావ ముందు పెట్టాను. ఆయన సీసా వైపు చూసి, విజయరాణి వైపు చూసి లేచాడు. సీసాను పైన కట్టి, రబ్బరు గొట్టంతో నేరుగా కార్బురేటరుకు ఇచ్చాడు. తాళం వకీలు సాబు దగ్గర ఉంది కాబట్టి వైర్లు నేరుగా కలిపి స్టార్టు చేసి, నన్ను సీట్లో కూర్చోమన్నాడు. బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్చు కొంచెం కొంచెం వదలమన్నాడు. అలా చేస్తే ఎత్తు ఎక్కుతున్నట్టే ఇంజన్ మీద బరువు పడుతుంది.

క్లచ్చు వదిలాను. అదే దగ్గు. అదే అదురు.

అంటే పెట్రోలులో ఏ తప్పూ లేదు. బావ ఇంజన్ ముందు నిలబడి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, తల వంచి వింటున్నాడు. "ఇంకొంచెం ఇడువు" అన్నాడు. బయట మబ్బు దట్టంగా పట్టి షెడ్డులో మసక మసకగా ఉంది. విజయరాణి ఎప్పుడు లేచిందో తెలియదు, ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"మేస్త్రీ, కండ్లు తెరువు" అంది. "నీ బొట్టు కాడ మెరుస్తుంది."

బావ కళ్లు తెరిచాడు. నేను సీట్లోంచి మెడ చాచి చూశాను. రెండో ప్లగ్గు పింగాణీ మీద సన్నటి నీలం గీత ఒకటి పసుపు మీదుగా పాకి ఇంజన్ ఇనుములోకి దిగుతోంది. ఇంజన్ తడబడినప్పుడల్లా అది మెరుస్తోంది. కాసేపటికి నాలుగో దాని మీద కూడా. ఇంజన్ మీద బరువు పడినప్పుడు నిప్పు లోపలికి దూకలేక, ముసురుకు చెమ్మ పట్టిన పసుపు మీదుగా సులువైన తోవ చూసుకుని బయటే జారిపోతోంది. ప్లగ్గు తీసి బయట చూసినప్పుడు బరువు లేదు కాబట్టి నిప్పు బాగా వచ్చేది. ఇంత చిన్న విషయం. బావ ప్రతిసారీ బొట్టు మళ్లీ పెట్టి ఆ తోవను తానే తడుపుతూ వచ్చాడు.

ఇంజన్ ఆపించాడు. భుజం మీది తువ్వాలతో నాలుగు పింగాణీలూ తుడిచాడు. పెట్రోలు గుడ్డతో మళ్లీ తుడిచాడు. "స్టార్టు జెయ్" అన్నాడు. క్లచ్చు వదిలితే ఇంజన్ ఒక్క పోగు తెగకుండా నిలబడింది. ఆయన ఈసారి కళ్లు మూసుకోలేదు.

విజయరాణి, "ఇగ పోదామా మేస్త్రీ?" అంది. అంతే. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనుక నడిచాడు. నేనూ వెళ్లాను.

వకీలు సాబు అరుగు మీద ముగ్గురు నలుగురు కక్షిదారులు కూర్చుని ఉన్నారు. దేవదాసు కింది మెట్టు మీద, చెంప ఇంకా కమిలి ఉంది. బావ వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పాడు.

"పెట్రోల్ల ఏం కలువలే సాబ్. తప్పు నాది. పింగాణీ మీద పసుపు నేనే పూసిన, దాంతోటే బండి ఆగింది. దేవదాసు దొంగ కాదు."

వకీలు సాబుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పడీ పడీ నవ్వాడు. అరుగు మీదివాళ్లు కూడా నవ్వారు. "పసుపు తోటి ఇంత లొల్లా!" అని తాళం తెప్పించి దేవదాసు వైపు విసిరాడు. కొట్టిన చెంప గురించి ఒక్క మాట లేదు. నా ఒళ్లు మండింది, కానీ వకీలుతో ఏం మాట్లాడతాం.

దేవదాసు నవ్వలేదు. తాళం ఏరుకుని బావ దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, పసుపు అడ్డమైతదేమో అని నేను ఆ దినమే అన్న. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఎప్పుడు యాదికొచ్చింది? ఇయ్యాల్నా?"

బావ అబద్ధం చెప్పొచ్చు. ఇయ్యాలే అంటే అయిపోయేది, అందరూ నమ్మేవాళ్లు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాదు. ట్యాంకు మూత తీసి వాసన జూసినప్పుడే యాదికొచ్చింది. నువ్వన్న మాట నిజమైతదేమోనని తుడువలే."

దేవదాసు ఆయన మొహంలోకి చూశాడు. భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కారే నడిపాడు. చిన్న బోల్టు ఊడినా కరీంనగర్ తీసుకెళ్లేవాడు గానీ మా షెడ్డు ముందు బండి ఆపలేదు. కారు వెళ్తున్న చప్పుడు వినిపిస్తే బావ చేతిలో పని ఆపేసి, అది దూరమయ్యేదాకా రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు.

బొట్టు పెట్టడం ఆయన మానలేదు. ప్లగ్గులకైతే పింగాణీ కింద ఉండే ఇనుము మీద, గోరంత పెట్టేవాడు. పింగాణీని మాత్రం రెండుసార్లు తుడిచేవాడు. పోయేదాకా అంతే. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ఆయన్నే తప్పుపడతారు. పట్టనీ, తప్పే. కానీ వాకిట్లో నిలబడి నలుగురి ముందు ఆ మాట చెప్పిన మగాడు కూడా ఆయనే.

నా సంగతికి వస్తే, దేవదాసు మాట ఆ రోజు నేనూ విన్నాను. వకీలు సాబు అతన్ని కొట్టినప్పుడు అది నాకూ గుర్తుంది. నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.