ఆయన లేని మధ్యధరా

నిజానికి ఆ ప్రయాణం మా ఆయనది. నాకు ఊళ్లు తిరగడం మీద పెద్ద మోజు లేదు. జెడ్డాలో ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి ఇంటికొచ్చాక ఏసీ కింద కాళ్లు చాపుకుంటే చాలు, అదే నాకు విహారం. ఆయన సంగతి వేరు. జగిత్యాల నుంచి కరెంటు పని మీద వచ్చిన కొత్తలో ఆయన సౌదీ ఉత్తరాన ఉన్న తబూక్‌లో ఉండేవారు. అక్కడి ఫోర్‌మన్ సిరియా మనిషి, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఎండలో ఇసుక తవ్వి కేబుళ్లు పాతిస్తూ ఎప్పుడూ తన సముద్రం కబుర్లే చెప్పేవాడట. మనం మధ్యధరా అనేదాన్ని అరబ్బులు తెల్ల సముద్రం అంటారు. ఎర్ర సముద్రం పక్కన ఇన్నేళ్లు బతుకుతున్నాం, ఆ తెల్లదాన్ని కూడా ఒకసారి చూడాలి అన్న కోరిక ఆయనకు అప్పుడు పుట్టింది.

తరువాత ఆయన జెడ్డాకు మారి, ఒక పెద్ద భవనానికి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ అయ్యారు. నేను వచ్చాను. కొడుకు పుట్టి, పెరిగి, చదువుకని హైదరాబాద్ వెళ్లిపోయాడు. కోరిక మాత్రం ఇంట్లోనే ఉంది. అన్నం తిన్నాక టీవీలో గ్రీసు, ఇటలీ వీడియోలు పెట్టుకుని కూర్చునేవారు. నేను సగంలోనే కునుకు తీసేదాన్ని. "గీ గల్లీ చూడు ఒక్కసారి" అని భుజం తట్టి లేపితే, చూశాను అనేదాన్ని. చూసేదాన్ని కాదు.

చివరికి ఒక వేసవి సెలవులకు, జెడ్డా నుంచే వెళ్లే చిన్న బృందంలో ఇద్దరం చేరాం. ఏథెన్స్, అక్కణ్నుంచి ఓడ మీద ఇటలీ, ఆపైన నేపుల్స్. వీసాలు వచ్చాయి. ఆయన నల్ల కళ్లద్దాలు కొనుక్కుని అద్దంలో చూసుకుంటుంటే నవ్వాను. బయలుదేరే వారంలో వాళ్ల భవనంలో ఏసీలకు చల్లదనమిచ్చే చిల్లర్ యంత్రాలు చెడిపోయాయి. మండే ఎండాకాలంలో సూపర్‌వైజర్‌ను వదలం అని కంపెనీ చెప్పేసింది.

ఆ సాయంత్రం ఆయన బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని, "రీఎంట్రీ కొడుతలేరు. నువ్వు పోయిరా" అన్నారు.

మీరు లేకుండా నేను పోను అన్నాను. ఆయన మళ్లీ అన్నారు. నేను మళ్లీ వద్దన్నాను. కానీ వద్దంటున్నప్పుడే ఇద్దరికీ కలిపి సర్దిన పెద్ద పెట్టె బదులు చిన్నది తీసుకుపోతే సరిపోతుంది కదా అన్న ఆలోచన నా మనసులో మెదిలింది. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. సిగ్గేసింది. ఇంకా గట్టిగా వద్దన్నాను.

"నువ్వు చూస్తే నేను చూసినట్టే" అన్నారాయన.

నా ఇఖామా, అంటే సౌదీలో ఉండే అనుమతి, ఆయన మీద ఉంది కాబట్టి, నేను దేశం దాటి తిరిగి రావడానికి రీఎంట్రీ అనుమతి ఆయన ఫోనులోంచే రావాలి. ఆయనకు రావలసిన అనుమతి కంపెనీ చేతిలో ఉంది. తనకు దొరకనిదాన్ని ఆయన నా పక్కనే కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వేలితో నొక్కి నాకు ఇచ్చారు.

బృందంలో అందరూ జంటలే. ఒంటరివాళ్లం ఇద్దరమే. నేను, కడప నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా జెడ్డాలో స్థిరపడ్డ ఒక పెద్దావిడ. ఆమె భర్త పోయి చాలాకాలమైంది. అక్కడే షరఫియా పేటలో బట్టల కొట్టు నడిపే కొడుకులు ఆమెను పంపించారు. ఆమెను నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచాను. ఇద్దరికీ ఒకటే గది. బస్సులో మాత్రం ఆమెకు కిటికీ పక్కన ఒంటి సీటు దొరికింది. నా పక్కన మా ఆయన పేరు మీద ఉన్న సీటు ఖాళీగా మిగిలింది. మొదట్లో దాన్ని ముట్టుకోవడానికే మనసొప్పలేదు. తరువాత చేతిసంచి పెట్టాను. ఇటలీ చేరేసరికి ఆ సీటు మీద కాళ్లు పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

ఏథెన్స్‌లో హోటల్ గది దాటేటప్పుడల్లా, జెడ్డాలో బట్టల పైన వేసుకునే నల్ల అబాయా కోసం నా చెయ్యి తలుపు వెనక కొక్కెం మీదికి పోయేది. అక్కడ కొక్కేనికి ఏమీ ఉండేది కాదు. ఎండ జెడ్డా ఎండే గానీ, అక్కడ మనుషులు ఎండలో నడుస్తారు, ఆగుతారు, గోడ నీడన కూర్చుని కాఫీ తాగుతూ వచ్చేపోయేవాళ్లను చూస్తారు. ఆయన రోజూ వీడియో కాల్ చేసేవారు. పాత గుడి ఉన్న కొండ ఎక్కుతుంటే, "ఎడమకు తిప్పు. గా స్తంభాల దిక్కు. ఇంకొంచెం పైకి" అంటూ నడిపించారు. ఆయన చెప్పినట్టే తిప్పాను. కొండ దిగాక తెలిసింది, నేను దాన్ని ఫోను అద్దంలోనే చూశానని. నా కళ్లతో ఏం చూశానని వెతుక్కుంటే, మెట్ల మీద చెప్పు తెగి కూర్చున్న ఒక అమ్మాయి తప్ప ఏమీ గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం భోజనంలో టమాటా ముక్కల మధ్య పచ్చి గంగవాయిలి కూర వేసి తెచ్చారు. మనం పప్పులో వేసుకునేది, అక్కడ వండకుండానే తింటున్నారు. ఫోనులో ఆయనకు చూపిస్తే, స్తంభాలు చూసినప్పటి కంటే ఎక్కువ సంబరపడ్డారు. పుల్లగుందా అని అడిగారు. కొంచెం నోట్లో వేసుకుని ఉందని చెప్పాను. ఆయన ఫోను అటు తిప్పితే వెనక భవనం పైకప్పు, పైపులు, చెమటతో తడిసిన చొక్కాలు కనిపించాయి. భోజనానికి కూడా కిందికి దిగలేదట. నా నోట్లో కూర ఇంకా ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

అయినా మర్నాటికి ఆకలేసింది. అదే నన్ను బాధపెట్టేది. దిగులుగా ఉండాలని నిర్ణయించుకుని పొద్దున్నే లేచేదాన్ని, పది అడుగులు వేయగానే మరిచిపోయేదాన్ని. ఓడ మీద పడమటి దిక్కు ఎర్రబారుతుంటే రెయిలింగ్ పట్టుకుని నిలబడి, గాలికి జుట్టు విప్పేశాను. నేపుల్స్ సందుల్లో ఈ మేడకూ ఆ మేడకూ తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకుంటారు. వాటి కింద కుర్చీలు వేసుకున్న ముసలమ్మలు, నేను నడిచి వెళ్తుంటే మా వాడకట్టు ఆడవాళ్లలాగే నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. ఒకామె నా చున్నీ అంచు పట్టుకుని కుట్టు పని పరీక్షించింది. దారి తప్పాను, అడిగాను, మళ్లీ తప్పాను. నా పెళ్లయ్యాక ఏ ఊళ్లోనూ నేను ఒంటరిగా దారి తప్పలేదు. ఎప్పుడూ పక్కన దారి తెలిసినవాళ్లు ఉండేవారు.

నేపుల్స్ దాటి ఒక చిన్న ఊళ్లో బస్సు ఆపారు. నిమ్మతోటలు, దబ్బకాయలంత నిమ్మకాయలు. తోటల కింద రాళ్ల తీరం. బృందం భోజనానికి వెళ్తే, ఆపా నేనూ నీళ్ల దగ్గరికి దిగాం. ఈత దుస్తుల్లో నలుగురైదుగురు వయసుమళ్లిన ఆడవాళ్లు మెడలోతు నీళ్లలో తేలుతూ, అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను రాళ్ల మీదే ఆగిపోయాను.

"ఏందిమా అట్ల నిలబడితివి? దిగుదాం పా. ఈడ మనల్ని ఎవురెరుగుదురు?" అంది ఆపా.

ఆమె తలగుడ్డ బిగించుకుని, సల్వార్‌తోనే నడుములోతుకు వెళ్లింది. నేనూ వెళ్లాను. నీళ్లు చల్లగా, అడుగున రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి. ఒక అల వచ్చి ఇద్దర్నీ పడేసింది. లేచి, ఒకరినొకరు పట్టుకుని, మళ్లీ పడ్డాం. నవ్వు ఆగలేదు. నీళ్లలోని ఆడవాళ్లు కూడా మాతో నవ్వారు.

అప్పుడు ఒడ్డు మీద సంచిలో ఫోను మోగింది.

"మీ ఇంటాయన మాదిరి ఉండాది" అంది ఆపా.

ఆయనే. ఆ వేళకు ఆయనకు చిన్న విరామం దొరుకుతుంది. నాలుగు అడుగులు వేస్తే అందుకోవచ్చు. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. సముద్రాన్ని ఎడమకు తిప్పాలి, కుడికి తిప్పాలి, తెల్లగా ఉందా అంటే నీలంగా ఉందని చెప్పాలి. నేను నీళ్లలోనే ఉండిపోయాను. అది మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్లీ మోగింది. ఆపా నా ముఖం చూసి, అటు తిరిగి నిలబడింది. రెండోసారి ఆగాక మిగిలిన నిశ్శబ్దంలో నాకు కలిగిన సుఖం ఆ ప్రయాణం మొత్తంలో ఇంకెక్కడా కలగలేదు. అంత సుఖం కలిగిందనే ఇప్పటికీ నా మీద నాకు కోపం.

సాయంత్రం నేనే ఫోన్ చేసి, నెట్‌వర్క్ లేదన్నాను. "గంతే అయ్యుంటది" అన్నారాయన.

తిరిగి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చారు. ఇంట్లో పప్పుచారు చేసి పెట్టారు. ఆ రాత్రి నుంచి ప్రతి భోజనం తరువాత, టీవీ పెట్టకుండా నా ఎదురుగా కూర్చుని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. మోకాళ్లు నొప్పులు పుట్టాయని, గదులు ఇరుకని, కూరల్లో ఉప్పు ఎక్కువని, మీరు వీడియోల్లో చూసినంత ఏమీ లేదని. నిమ్మతోటల గురించి చెప్పాను, తీరం గురించి చెప్పలేదు. ఆయన వింటూ తల ఊపేవారు. ఆయన పోగొట్టుకున్నది చిన్నదే అని నమ్మిస్తే నా బరువు తగ్గుతుందనుకున్నాను. చెప్పే కొద్దీ ఆయన ముఖం వాడిపోతోందని గమనించలేదు.

ఒక శుక్రవారం షరఫియాలో దర్జీ దగ్గరికి వెళ్లినప్పుడు, కొడుకుల కొట్టు ముందు ఆపా కనిపించింది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. మా ఆయనతో చాలా సంతోషంగా, "మీ ఆడమనిషి సముద్రంలో పడి ఎంత నవ్విందో అన్నా! చిన్నపిల్ల అయిపాయ. ఒడ్డుకు రమ్మంటే రాలేదు" అంది. ఆయన ముందుకు వంగి ప్రతి మాటా విన్నారు. నీళ్లు ఎంత లోతు, అల ఎంత పెద్దది, ఎంతసేపు ఉన్నారు అని అడిగారు. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఫోను సంగతి ఆపా చెప్పలేదు.

కారులో కొంత దూరం వెళ్లాక ఆయన అన్నారు. "ఇన్ని దినాలు బాగలేదు బాగలేదు అంటివి. నేను సంబురపడత అనుకున్నవా?"

 "ఆనాడు నెట్‌వర్క్ ఉండె. నేనే ఎత్తలేదు" అన్నాను.

"ఎరుకే. రింగ్ పోయింది గదా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఎదురుగా చూస్తూనే, "నువ్వు గట్ల నవ్వంగ నేను ఎన్నడు చూడలే. నేనుంటే నవ్వకపోతుంటివా?" అని అడిగారు.

ఏమో, తెలవదు అన్నాను. అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆయన తలాడించి బండి ముందుకు పోనిచ్చారు.

ఆ తరువాత చాలా రోజులు ఆయన ప్రయాణం గురించి అడగలేదు. అడిగితే బాగుండునని నాకనిపించేది. వంట చేస్తూ చేస్తూ ఊరికే ఆ ముసలమ్మ చున్నీ పట్టుకున్న సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. ఇంకో రోజు దారి తప్పిన సంగతి చెప్పాను. అట్లా కొంచెం కొంచెంగా, ఈసారి ఉన్నది ఉన్నట్టుగా చెప్పుకుంటూ వచ్చాను.

మరుసటి ఏడు ఆయనకు సెలవు దొరికింది. ఇద్దరం స్పెయిన్ దక్షిణ తీరానికి వెళ్లాం. అదే సముద్రం, ఇంకో ఒడ్డు. దారిలో ఆయన అన్నిటికీ ఆగారు. తలుపులకు, పూలకుండీలకు, కరెంటు స్తంభాలకు కూడా. నేను పక్కనే నడిచాను, ఒక్కసారి కూడా దారి తప్పలేదు. తీరానికి చేరాక, ఈత రాదని ఇసుకలో చెప్పులు విప్పుకుని కూర్చున్నారు. "నువ్వు పో" అన్నారు. ఫోను తీయలేదు, జేబులోనే ఉంచుకున్నారు. నేను నడుములోతుకు వెళ్లాను. అలలు మెత్తగా ఉన్నాయి. నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆయన నన్నే చూస్తున్నారు. నేను నవ్వుతానేమోనని చూస్తున్నారనిపించి, నవ్వాను. అది ఆ నవ్వు కాదని ఇద్దరికీ తెలుసు.

"నీళ్లు చల్లగున్నయా?" అని అరిచారు.

చల్లగున్నయి, రండి అన్నాను. మనసారా పిలిచానో, పిలవాలి కాబట్టి పిలిచానో నాకు తెలియదు. ఆయన మాత్రం ప్యాంటు మడుచుకుంటూ లేచి వచ్చారు.