గోల్‌పోస్టు వెనక కుర్చీ

2009 ఆగస్టులో ఒక సాయంత్రం నాచారంలోని మా కంపెనీ మైదానంలో ఆటగాళ్ళకు ఒక మెలకువ చూపిస్తున్నాను. ఎడమ గీత వెంబడి బంతిని తీసుకుపోయి, డిఫెండర్ దగ్గరికి రాగానే ఒక్కసారిగా లోపలికి మళ్ళించడం. వాన అప్పుడే వెలిసింది. ఎడమ కాలు నేలమీద గట్టిగా ఆనించి, కుడికాలితో బంతిని తిప్పగానే ఎడమ మోకాలి లోపలి పక్కన సన్నగా సలిపింది. పడిపోలేదు, ఎవరూ తగలలేదు. ఆట గురించీ ఒంటి గురించీ రోజూ డైరీ రాసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ రోజు పేజీలో "ఎడమ మోకాలు, స్వల్పం" అని రాశాను. అందులో "ఎడమ" అన్నది ఒక్కటే నిజమని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

నా గురించి కొంచెం చెప్పాలి. మాది జనగామ వైపు పల్లె. నా కాలి వేగం చూసి ఒక కంపెనీ క్రీడాకారుల కోటాలో ఉద్యోగం ఇచ్చింది. ఉద్యోగమంటే ఆడడమే. ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా ఆ కంపెనీ జట్టుకు లెఫ్ట్ వింగర్‌గా ఆడి, తరువాత అదే జట్టుకు కోచ్ అయ్యాను. వింగర్ మైదానం అంచున ఉండేవాడు. తెల్లగీతే అతని దారి. కోచ్ అయ్యాక కూడా నేను ఆ గీతను వదలలేదు. మ్యాచ్ జరిగినంతసేపూ గీతకు బయట, మా వింగర్‌కు సమానంగా పరుగెత్తేవాణ్ణి. కుర్చీలో కూర్చుని సలహాలిచ్చే కోచ్‌లను చూస్తే నాకు చిరాకు. ఇంట్లో కూడా అంతే. భోజనం చేస్తూ రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చేవాణ్ణి.

మా జట్టులో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. నొప్పి అన్నవాణ్ణి ముందు మైదానం చుట్టూ పరుగెత్తిస్తారు. చెమట పట్టాక కూడా మిగిలితేనే అది నొప్పి కింద లెక్క. ఇంకొకటి, ఫుట్‌బాల్ ఆడేవాడికి కాలిలో ఏమొచ్చినా అయితే మోకాలు, లేకపోతే చీలమండ. అంతకన్నా పైకి మేము ఎన్నడూ చూసుకోలేదు. నేను కూడా పరుగెత్తాను. ఉప్పల్‌లో మా ఆటగాళ్ళందరూ వెళ్ళే మాలిష్ ఉస్తాద్ దగ్గర మోకాలికి నూనె పట్టించుకున్నాను. నాలుగు రోజులు తగ్గేది, అయిదో రోజు తిరిగి వచ్చేది.

తరువాతి వేసవిలో ఎం.ఆర్.ఐ. తీయించాను, మోకాలికే. "మెనిస్కస్‌లో ఓల్డ్ టేర్ ఉంది. ప్లేయర్స్‌లో ఇది కామన్. నొప్పి దీనివల్లేనని గ్యారంటీగా చెప్పలేను" అన్నారు డాక్టర్. మెనిస్కస్ అంటే మోకాలి కీలులో మెత్తలాంటి పొర. అది చిరిగిందన్న మొదటి మాటే నాకు చాలు. సన్నని గొట్టం లోపలికి పంపి సరిచేసే ఆర్థ్రోస్కోపీ చేయమని తొందరపెట్టాను. చేశారు. కుట్లు మానాయి. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ తరువాతే చిన్న చిన్న పనులు చేతకాకుండా పోయాయి. ఎడమ కాలికి మేజోడు వేసుకోవాలంటే గోడకు ఆనుకుని కుస్తీ పట్టాల్సి వచ్చేది. మేడిపల్లిలో బంధువుల ఇంట బంతిభోజనానికి కూర్చుంటే ఎడమ మోకాలు నేలకు దిగలేదు, విస్తరి ముందు కొండలా నిలబడింది. స్కూటర్ మీదికి కాలు వేయలేక, బండినే నా వైపు వంచి ఎక్కేవాణ్ణి. ఇవేవీ డాక్టర్‌కు చెప్పలేదు. ఆయన అడిగింది నొప్పి ఎక్కడ అని మాత్రమే. నేను మోకాలు చూపించాను.

నా భార్య సుజాత ఒకరోజు నేను స్కూటర్ ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"మోకాలు మోకాలు అంటున్నవ్. మరి బండెక్కేటప్పుడు చెయ్యి తుంటి మీదికెందుకు పోతున్నది?"

చూసుకుంటే నా చెయ్యి నిజంగానే అక్కడే ఉంది.

ఆమె పోరు పడలేక తార్నాక వైపు ఉన్న ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. వయసులో నాకన్నా చిన్నవాడు. నా మోకాలిని ముట్టుకోలేదు. బల్లమీద పడుకోబెట్టి, కాలిని తుంటి దగ్గర మడిచి నెమ్మదిగా లోపలికి తిప్పారు. గట్టిగా మూలిగాను. నొప్పి ఎక్కడ అని అడిగారు. మోకాలిలో అన్నాను.

"నేను తిప్పింది హిప్‌ని. నొప్పి మీకు మోకాలిలో తెలుస్తోంది. దీన్ని రెఫర్డ్ పెయిన్ అంటాం."

ఈసారి రెండు తుంట్లకు ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. తీశారు. జబ్బు పేరు అవాస్క్యులర్ నెక్రోసిస్, పొట్టిగా ఏ.వి.ఎన్. తుంటి కీలులో బంతిలా ఉండే ఎముక తలకు రక్తం అందక అది లోలోపలే చచ్చిపోతుంది. ఎడమవైపు స్టేజ్ త్రీ, బంతి అప్పటికే చొట్టపడింది. కుడివైపు స్టేజ్ వన్. మద్యం అలవాటు ఉందా అని అడిగారు, లేదన్నాను. స్టెరాయిడ్స్ వాడారా అన్నారు. ఆడే రోజుల్లో టోర్నమెంట్ల ముందు నొప్పి తగ్గడానికని సూదులు వేయించుకునేవాళ్ళం. వాటి పేర్లు మేము అడిగేవాళ్ళం కాదు. ఆ మాటే చెప్పాను. "కావచ్చు, కాకపోవచ్చు. చాలామందిలో కారణం దొరకదు" అన్నారాయన.

ఎడమవైపు టోటల్ హిప్ రీప్లేస్‌మెంట్, అంటే పాడైన కీలు తీసి కృత్రిమ కీలు పెట్టాలి. కుడివైపు కోర్ డీకంప్రెషన్, అంటే ఎముకలోకి సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించడం. నేను అడిగింది ఒక్కటే, మళ్ళీ పరుగెత్తగలనా అని.

"నడవండి, నిలబడండి, ఈత కొట్టండి. రన్నింగ్ మాత్రం నో."

"నేను కోచ్‌నండి."

"కోచ్ పరుగెత్తాలని ఏ రూల్‌లో ఉంది?"

నాకు తెలిసిన కోచింగ్ పరుగెత్తడమే.

కంపెనీలో సంగతి తెలిసింది. మా అధికారి మర్యాదగానే మాట్లాడారు. వచ్చే సీజన్ మొదలయ్యేసరికి మైదానంలో పని చేయగలిగితే సరే, లేకపోతే స్టోర్స్ విభాగంలో కూర్చోబెడతామని, జట్టుకు మరొకరిని చూస్తామని చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ సంవత్సరమంతా నాకు ఆపరేషన్ కన్నా స్టోర్స్ గదే ఎక్కువగా గుర్తొచ్చేది. ఇనుప బీరువాలు, ఒక బల్ల, ఒక కిటికీ. ఆ కిటికీ మైదానం వైపు కూడా లేదు.

2011లో ఆపరేషన్ జరిగింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి, బస్సులు లేవు. మా పాత గోల్‌కీపర్ యాదగిరి ఎవరిదో వ్యాన్ అడిగి తెచ్చి నన్ను ఆసుపత్రిలో దింపాడు. రెండూ ఒకే సిట్టింగ్‌లో చేశారు. రెండో రోజే ఫిజియోథెరపిస్ట్ వాకర్ ఇచ్చి లేపింది. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోకూడదు. కుడికాలి మీద కొన్ని వారాలు బరువు మోపకూడదు. ఇవన్నీ రాసుకున్నాను, పాటించాను.

అయినా మూడో వారంలో జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర తడి కనిపించింది. మళ్ళీ అడ్మిషన్. థియేటర్‌లో గాయాన్ని కడిగారు, ఐ.వి. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. "ఇన్ఫెక్షన్ సూపర్‌ఫిషియల్ అయితే ఫికర్ లేదు. డీప్ అయితే ఇంప్లాంట్ తీసెయ్యాల్సి వస్తుంది. కల్చర్ రిపోర్ట్ రానీండి" అన్నారు డాక్టర్.

రిపోర్టు కోసం చూసిన ఆ రోజులు నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైనవి. పరుగెత్తవలసినవాణ్ణి మంచానికి అప్పగించారు. దుప్పటి కింద కాలివేళ్ళు ఊరికే కదిలేవి. కిటికీ, తలుపు, ఫ్యాను, మళ్ళీ కిటికీ. పక్క మంచం పెద్దాయన, కళ్ళు తిప్పడం ఆపి కాసేపు పడుకొమ్మని బతిమాలుకున్నాడు. సుజాత పత్రిక చేతికిస్తే చివరి పేజీ నుంచి మొదటి పేజీకి, మొదటి నుంచి చివరికి తిప్పి మడిచేసేవాణ్ణి. స్టోర్స్ గది అప్పుడే కట్టినట్టు కళ్ళముందు నిలబడేది.

యాదగిరి రోజూ నా బదులు జట్టుకు ప్రాక్టీస్ చేయించి నేరుగా ఆసుపత్రికి వచ్చేవాడు. తలుపు దగ్గరే నిలబడి నన్నూ నర్సునూ చూసి నవ్వాడొకసారి.

"ఏంది బావా, అప్పట్ల నిన్ను ఆపాల్నంటే ముగ్గురు డిఫెండర్లు గావాల్నుండె. గిప్పుడు ఒక్క సిస్టరమ్మ సాలుతున్నది."

నేను నవ్వలేదు. అతను దగ్గరికి వచ్చి కూర్చుని, జట్టు బాగానే ఉందని, తన వల్ల మాత్రం కావడం లేదని, వింగర్లకు ఏం చెప్పాలో గోల్‌కీపర్‌కు ఏం తెలుస్తుందని నెమ్మదిగా చెప్పాడు. అతని ఉద్దేశం నాకు ధైర్యం చెప్పాలనే.

రిపోర్టు వచ్చింది. సూపర్‌ఫిషియల్, పైపైనే. డాక్టర్ ఆ మాట చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. సుజాత నా కాలి మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

2012 సీజన్‌కు ముందు చేతికర్రతో మైదానానికి వెళ్ళాను. ఎడమ గీత పక్కన నేలంతా గుంటలు. పడిపోవడం ఒక్కటి మాత్రం జరగకూడదని డాక్టర్ గట్టిగా చెప్పి ఉన్నారు. చదునుగా ఉన్న చోటు ఒక్కటే, గోల్‌పోస్టు వెనక పాత నీళ్ళ ట్యాంకు కోసం వేసిన సిమెంటు గచ్చు. యాదగిరి ఎత్తు కోసం రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి అక్కడ వేశాడు. నేను ఎప్పుడూ చిరాకుపడిన కుర్చీ కోచ్‌లలో ఒకణ్ణయ్యాను.

మొదట్లో ఏమీ అర్థం కాలేదు. జీవితమంతా మైదానాన్ని పక్క నుంచి చూసినవాణ్ణి. అక్కడ ఆట నా ముందునుంచి ఉరికేది. ఇక్కడ నా మీదికి వస్తోంది, నా నుంచి దూరమవుతోంది. చిరాకుతో లేచేవాణ్ణి, తిట్టుకుని కూర్చునేవాణ్ణి. కొన్ని వారాలకు కళ్ళు కుదుటపడ్డాయి. మా వింగర్ శ్రీకాంత్ ఏ షిఫ్టు చేసి వచ్చినా మంచి వేగం ఉన్నవాడు. అతను బంతి అందుకోగానే తల ఎడమకు, గీత బయటికి తిప్పుతున్నాడని వెనక నుంచి చూశాను. అక్కడ ఎవరూ లేరు. ప్రాక్టీస్ అయ్యాక పిలిచి అడిగాను. అతను కాసేపు బూటు లేసులతో ఆడాడు.

"ఏమనుకోకుర్రి అన్నా. మీరు గీత మీద ఉరుకుతుంటే నేను ఆటను సూస్తలేకుంటి, మిమ్మల్నే సూస్తుంటి. మీరు ఏడ మర్లితే ఆడ మర్లుతుంటి. ఇంకా అలవాటు పోలే."

పక్కనే నెట్ విప్పుతున్న యాదగిరి తల ఎత్తకుండానే అన్నాడు. "గందుకే సెంటర్ ఫార్వర్డ్ ఖాళీగ నిలవడి ఆవలింతలు తీస్తుండె."

శ్రీకాంత్ మాట గుచ్చుకుంది. కానీ నా పరుగు లేకపోతే కోచింగే లేదనుకున్న భయం ఆ మాటతోనే సడలింది. మర్నాటి నుంచి శ్రీకాంత్‌కు ఒకటే పని పెట్టాను. బంతి అందుకోబోయే ముందు లోపలికి చూసి, ఎవరు ఖాళీగా ఉన్నారో గట్టిగా పేరు పెట్టి అరవాలి. సీజన్ మొదటి మ్యాచ్‌కు మా అధికారి వచ్చి టెంటు కింద కూర్చున్నారు. రెండో సగంలో శ్రీకాంత్ నేను చెప్పి ఉండేదాని కన్నా ముందే లోపలికి మళ్ళి, ఖాళీగా ఉన్న సెంటర్ ఫార్వర్డ్‌కు బంతి ఇచ్చాడు. అంత ముందుగా మళ్ళొచ్చని ఆడే రోజుల్లో నాకు తట్టలేదు. మ్యాచ్ డ్రా అయింది. స్టోర్స్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇది రాస్తున్న నాటికి రాష్ట్రం వచ్చింది. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి, వాటి కింద రోజూ పొద్దున నడుస్తాను. కుడి తుంటికి ఏటా ఎక్స్‌రే తీస్తున్నారు. అది ఇంకా నిలకడగానే ఉంది. నేల మీద కూర్చోలేను. పెళ్ళిళ్ళలో నా కోసం టేబుల్ వెతుకుతారు. కుదురు మాత్రం ఇప్పటికీ రాలేదు. బంతి ఎడమ గీత మీదికి వెళ్ళిన ప్రతిసారీ నా ఎడమ పాదం సిమెంటు గచ్చును తొక్కుతూనే ఉంటుంది.

ఇది చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు నొప్పి ఎక్కడో వేలితో చూపించి ఊరుకోకండి. ఈ మధ్య ఏ పని చేతకావడం లేదో కూడా చెప్పండి. మేజోడు వేసుకోలేకపోతున్నానని, స్కూటర్‌ను వంచి ఎక్కుతున్నానని నేను అప్పుడే చెప్పి ఉంటే, ఆ మొదటి డాక్టర్ కూడా నా మోకాలిని వదిలి తుంటిని చూసి ఉండేవారు.