‘విల్ డెఫినెట్లీ’కి నేను కట్టిన లెక్క

అలియాబాద్ దాటాక వచ్చే ఒక లేఅవుట్‌లో రెండేళ్ళు లెక్కలు చూశాను. ఎంత గోడకు ఎన్ని ఇటుకలు, ఎంత గుంతకు ఎన్ని టిప్పర్ల మొరం అన్నది చెప్పడం నా పని. చదువు పదో తరగతితోనే ఆగింది. ఈ విద్య చేతిలో టేపు పట్టుకుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదే. మేడ్చల్‌లో ఒక గదిలో ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం నాతో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడారంటే అది ఎక్కువే.

ఆ సైటుకు ఇంజినీరుగా తిరునెల్వేలి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. వయసులో నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆయనకు తెలుగు రాదు, హిందీ రాదు. నాకు తమిళం రాదు. మా మధ్య మిగిలింది ఇంగ్లీషు. నా ఇంగ్లీషు సిమెంటు బస్తాల మీదా డ్రాయింగుల మీదా చదువుకున్నది. అందులో పేర్లూ అంకెలూ తప్ప ఇంకేమీ లేవు. “టుమారో స్లాబ్. ఐ కమ్,” అనేవాణ్ణి.

“కమ్ అంటే చాలదు అన్నా, ఎంత గట్టిగా వస్తావో కూడా చెప్పాలి,” అని ఆయన నవ్వుతూ ఇంగ్లీషులో అనేవాడు. వాళ్ళ ‘అణ్ణా’ను మా ‘అన్నా’గా మార్చుకోవడమే ఆయన నేర్చుకున్న తెలుగు.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద టిఫిన్ డబ్బాలు తెరిచాక పాఠం మొదలయ్యేది. విల్, మే, షుడ్, కుడ్ లాంటి చిన్న మాటల పక్కన ఇంకో మాట చేరితే బలం మారిపోతుందట. ఆ రెండో మాట సాధారణంగా మధ్యలో కూర్చుంటుందట. “డెఫినెట్లీ ఐ విల్ కమ్” అని నేను ముందుకు తోసేస్తే, “ఐ విల్ డెఫినెట్లీ కమ్” అని ఆయన దాన్ని లోపలికి సర్దేవాడు. నాకు అర్థం కావాలంటే లెక్కలోకి రావాలి కాబట్టి నా లెక్కల పుస్తకంలో వాటి ఎదురుగా సిమెంటు, ఇసుక మాల్ కలిపే పాళ్ళు రాసుకున్నాను. ‘విల్ డెఫినెట్లీ’ అంటే ఒకటికి మూడు, గట్టి మాల్. ‘విల్ ప్రాబబ్లీ’ ఒకటికి ఆరు, గోడకు పూస్తే నిలుస్తుంది గానీ బరువు మొయ్యదు. ‘మైట్ జస్ట్’ దాదాపు అంతా ఇసుకే. ‘కాంట్ రియల్లీ’ అంటే నొప్పి తెలియకుండా కాదనడం.

ఒకటి మాత్రం పాళ్ళకు దొరకలేదు. నా డబ్బాలో అన్నం, పచ్చడి తప్ప ఏమీ లేదని చూసి ఆయన రోజూ “యు షుడ్ రియల్లీ ఈట్ మోర్” అంటూ సగం కూర నా వైపు వంచేవాడు. అది ఆజ్ఞ కాదు, సలహా కూడా కాదు. పుస్తకంలో దాని ఎదురుగా అంకె వేయకుండా వదిలేశాను.

లేఅవుట్ పని అయిపోయింది. ఆయన సొంత ఊరు వెళ్ళి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం కార్డు ఫోన్‌లో పంపి, “మస్ట్ కమ్ అన్నా,” అని రాశాడు. నేను వెంటనే, “ఐ విల్ డెఫినెట్లీ కమ్,” అని రాశాను. వారం తర్వాత మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే రాశాను.

వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. మా వైపు ఎవరైనా పిలిస్తే రానని అనడం ఉండదు. అది పిలిచినవాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టు. “తప్పకుండ వస్త” అంటాం. పిలిచినవాళ్ళు దాన్ని ఎంతకు తీసుకోవాలో అంతకే తీసుకుంటారు. ఫంక్షన్లకు బియ్యం లెక్క కట్టిమ్మని నన్నే అడుగుతారు కాబట్టి నాకు బాగా తెలుసు. తప్పకుండ అన్నవాళ్ళలో సగం మందిని వేసుకుంటాను. చూస్త అన్నవాళ్ళలో ముగ్గురికి ఒకరు. ఏమీ అనని మనిషి నలుగురిని వెంటబెట్టుకుని వస్తాడు.

నాతో పనిచేసే మేస్త్రి కూడా అదే అన్నాడు. “ఏందన్నా, గంత దూరం పోతవా ఏంది? కార్డు పంపిండు, వస్త అన్నవ్, అయిపాయె. గాయన లెక్క గాయనకుంటది.”

గృహప్రవేశం రోజు పొద్దున ఎనిమిదింటికి శామీర్‌పేటలో ఒక ప్రహరీ గోడ కొలుస్తుంటే ఫోన్ మోగింది. ఆయనే. “అన్నా, విచ్ కోచ్?” వెనకాల రైలు కూత, తమిళంలో అనౌన్స్‌మెంట్. మా వైపు నుంచి వచ్చేవాళ్ళు ఏ బండికి దిగుతారో తనే చూసుకుని, పూజ మధ్యలో లేచి స్టేషన్‌కు వచ్చాడు. నాకోసం లాడ్జిలో గది కూడా మాట్లాడాడట.

“ఐ డిడ్ నాట్ కమ్,” అన్నాను. నోటికి అదొక్కటే వచ్చింది.

“బట్ యు సెడ్ డెఫినెట్లీ,” అన్నాడు. కోపంగా కాదు. కొలత ఎక్కడ తప్పిందో వెతుకుతున్నవాడిలా. తర్వాత “ఓకే” అని పెట్టేశాడు.

అంతకుముందు రోజూ పొద్దున ఒక పువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపేవాడు. మర్నాటి నుంచి రాలేదు. రోజులు లెక్కపెట్టడం నాకు అలవాటు. నూట ఇరవై ఆరు. ఆ పువ్వు బొమ్మలను నేనెప్పుడూ సరిగా చూసిందే లేదు. అవి ఆగిపోయాక గదిలో ఫోన్ ఒక వస్తువులా పడి ఉండేది. నూట ఇరవై ఏడో రోజు కూర్చుని, మా వైపు పద్ధతి ఇదీ అని, నాది తప్పని, వచ్చిన ఇంగ్లీషులో పెద్ద క్షమాపణ రాశాను. సాయంత్రం జవాబు వచ్చింది: “నో ప్రాబ్లమ్ సర్. యు కుడ్ ఆల్వేస్ కమ్ సమ్ అదర్ టైమ్.”

ముందు కళ్ళకు తగిలింది ‘సర్’. తర్వాత ‘కుడ్ ఆల్వేస్’. ఎప్పుడైనా రావచ్చు అని. తలుపు తీసే ఉందని చెబుతూ, రమ్మనకుండా ఆగే మాట. ఇది ఆయన నాకు నేర్పనిది. నా పద్ధతిలోనే నాకు జవాబు చెప్పాడా, లేక నిజంగానే రమ్మంటున్నాడా? ఎన్నిసార్లు చదివినా తేలలేదు.

మేస్త్రికి చూపించాను. “గీ ఇంగిలీషు నాకెందుకే లెక్కలన్నా. గాయనకు కోపం బోయిందా లేదా?”

“తెల్వదు.”

“ఫోన్ జేసి అడుగు మరి.”

“నా ఇంగ్లీషుకు గంత బలం లేదు.”

“అయితె పొయ్యి నిలబడు. మొఖం జూస్తె తెల్వదా? ఇటుకలు లెక్కవెట్టుడు తెలుసు గని మనిషి మొఖం జూసుడు తెల్వదు నీకు!”

మరునాడు టికెట్ తీసుకున్నాను. ఆయనకు బండి నంబరు, కోచ్ నంబరు, బెర్తు నంబరు, దిగే టైము పంపాను. వస్తానని గానీ, రానివ్వమని గానీ ఒక్క మాట కూడా రాయలేదు. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. మూడు రోజులైంది.

బండి గురువారం. ఆయన స్టేషన్‌కు రాకపోతే ఇంటికి ఎంత దూరమో కార్డు మీది అడ్రసు పెట్టి మ్యాపులో చూసుకున్నాను. మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. నడవగలను.