పాలపొడి డబ్బాలో ఏడు డాలర్లు

పాలపొడి డబ్బా తేలిగ్గా లేచింది. మూత తీశాను. లోపల విరిగిన గజ్జె ముక్క కూడా లేదు.

అందులో నా ఏడు వెండి డాలర్లు ఉండాలి. వందేళ్లు దాటిన అమెరికా నాణేలవి. ఒకవైపు తలపట్టీ కట్టుకున్న స్త్రీ ముఖం, మరోవైపు రెక్కలు చాచిన గద్ద. కొన్నిటికి గద్ద తోక కింద ఒక చిన్న అక్షరం ఉంటుంది, ఏ ఊళ్లో ముద్రించారో అదే చెబుతుంది. మొదటిది నేను డిగ్రీ చదివేటప్పుడు కరీంనగర్‌లో ఒక వెండి దుకాణంలో, కరిగించడానికి పోసిన పాత పట్టగొలుసుల కుప్పలో దొరికింది. మిగతావి ట్యూషన్లు చెప్పుకుంటూ ఒక్కొక్కటే తెప్పించుకున్నాను. పెళ్లయ్యాక ఎవరడిగినా పిల్లల కోసం వెండి దాస్తున్నానని చెప్పేదాన్ని. నాణేలు పోగేయడం నాకిష్టమని చెప్పడానికి ఎందుకో సిగ్గు. ఆ అబద్ధం నిలబడాలని విరిగిన గజ్జెలు కూడా అదే డబ్బాలో వేసేదాన్ని.

వంటింట్లో అత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అత్తమ్మా, డబ్బాల వెండేది?"

"పొద్దుగాల అవుసలాయనకు ఇచ్చొచ్చిన. చిన్నోని పుట్టెంటికలకు కడియాలు కావద్దా? నువ్వే అంటివి గద బిడ్డా, పిల్లల కోసమని."

ఆమె తప్పేమీ లేదు. ఈ ఇంట్లో పిల్లల మొదటి కడియాలకు వెండి కొనరు, ఇంట్లో ఉన్నదే కరిగిస్తారు.

చిన్నవాణ్ని ఆమె ఒళ్లో కూర్చోబెట్టి స్కూటీ తీశాను. దారిలో ఏ పొగ చూసినా కొలిమి పొగే అనిపించింది.

కంసాలి దుకాణంలో అవుసలాయన ముందు మూసలో గజ్జెలు అప్పటికే ఎర్రబడుతున్నాయి. నాణేలు పక్కన పళ్లెంలో ఉన్నాయి.

"కాకా, జర ఆగు! గవి మూసల ఎయ్యకు!"

"ఇంకా ఎయ్యలే. రాగి కలిసినట్టున్నదని ఒకటి కోసి సూసిన. ఏమైందమ్మా, గింత పరేషాన్ల వచ్చినవ్?"

కత్తెర గాటు నాణెం అంచు నుంచి ఆ స్త్రీ చెంప దాకా దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడవలేదు. ఏడిస్తే నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన పని ఆయన చేసుకుపోతాడు.

"ఏడూ ఇచ్చెయ్ కాకా. కోసింది కూడ."

"మరి పోరనికి కడియాలెట్ల? గీ దొరసానిని కడతవా కాళ్లకు?"

మెట్టు మీద కూర్చుని నా పట్టగొలుసులు విప్పి పళ్లెంలో పెట్టాను. "గివి కరిగియ్యి. గివి గూడ ఇంటి వెండే."

"మీ అత్తకు నన్నేం చెప్పుమంటవ్?"

"నేనే చెప్త."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తమ్మ మొదట నా కాళ్ల వైపు చూసింది. "గా ముక్క ముందుగాల చెప్పరాదు? నేనేమన్న కొరుకుతనా?" అని, మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది.

తెల్లారి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, తువ్వాల మీద ఏడు నాణేలూ పరిచాను. చిన్నవాడు ఒకటి నోట్లో పెట్టుకోబోతే వాళ్లక్క లాక్కుంది.

"ఇవి మీ కోసం దాచినయి కావు," అన్నాను. "ఇవి నావి. నాకిష్టమై పోగేసుకున్న. సూడాలంటే నన్ను అడుగుండ్రి, అంచులు పట్టుకొని సూడుండ్రి. ఎవరన్న అడిగితే మా అమ్మ నాణేలని చెప్పుండ్రి."