అమ్మ మింగిన తిట్లు

మా అమ్మ నోటికి జడిసి పాల వ్యాను డ్రైవరు మా గేటు ముందు హారను కూడా కొట్టేవాడు కాదు. నాన్న లారీ మీద తిరిగేవాడు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. పొలాల మధ్య ఒంటరి ఇల్లు, నాలుగు ఆవులు, ముగ్గురు పిల్లలం. ఆసుపత్రి తొమ్మిది కిలోమీటర్లు. ఇన్నిటి మధ్య అమ్మ నెమ్మదిగా ఉండాలని కోరుకోవడం అన్యాయమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం హడలిపోయేవాళ్ళం.

దెబ్బలకు మా ఇంట్లో కొదవ లేదు. గీరుకుపోయిన మోకాలు, అరికాలిలో ముల్లు, తేనెటీగ కుట్టిన పెదవి, ఆవు తన్నిన పిక్క. నేను పెద్దదాన్ని. నా తర్వాత తమ్ముడు, వాణ్ణి అందరూ కోతి అనేవాళ్ళు. ఆఖరివాడు బుడ్డోడు. ఎవరికి ఏం తగిలినా అమ్మ ముందు తిట్టేది, తర్వాత కడిగేది. ఆ తిట్లకో వరస ఉండేది. మొదట నాన్న, తర్వాత నాన్న తరఫు వాళ్ళు, ఆ తర్వాత మేం ఎక్కిన చెట్టు, చివరికి మేము. మా వంతు వచ్చేసరికి రక్తం దానంతట అదే ఆగిపోయేది.

ఒకసారి కోతి కాలిలో తుప్పు మేకు దిగింది. వాడు దాన్ని తనే పీకేసుకుని, కాస్త మట్టి అద్ది, మేజోడు తొడుక్కుని నాలుగు రోజులు తిరిగాడు. ఐదో రోజు పొద్దున జ్వరంతో లేవలేకపోతే అమ్మ మేజోడు లాగి చూసింది. పాదం ఉబ్బిపోయి చీము పట్టి ఉంది. పాల వ్యానులోనే ఆసుపత్రికి పరిగెత్తాం.

"ఇన్ని రోజులు ఎందుకు దాచావురా?" నర్సు సూది సిద్ధం చేస్తూ అడిగింది.

"అమ్మ తిడుతుందని," అన్నాడు వాడు, గోడవైపు తిరిగి.

నర్సు అమ్మ వైపు చూసి ఉంటే అమ్మ ఏదో ఒకటి అనేసి ఊరుకునేదేమో. నర్సు తల ఎత్తలేదు. అమ్మ ముఖం అంతగా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

కోతికి జ్వరం తగ్గాక అమ్మ మా ముగ్గుర్నీ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఇదిగో వినండి. దెబ్బ తగిలితే వెంటనే వచ్చి నాకు చెప్పాలి. చెప్పినవాళ్ళని తిట్టను. ఏం చేస్తూ తగిలించుకున్నా సరే."

"చెట్టెక్కితే?" అన్నాడు కోతి.

"తిట్టను."

"నీ కుట్టుమిషను మీంచి దూకితే?"

అమ్మ పళ్ళు బిగించింది. "తిట్టను," అంది.

మాకు నమ్మకం కలగలేదు. అమ్మ మాత్రం పట్టుదలగా మొదలుపెట్టింది. ఊళ్ళో ఉన్న రిటైరైన కాంపౌండరు తాతగారి దగ్గరికి వెళ్ళి కూర్చుని అన్నీ నేర్చుకుంది. అంతవరకు కాలిన చోట పళ్ళపేస్టు పూసేది. అది తప్పని, కుళాయి నీళ్ళ కింద చాలాసేపు పెట్టాలని ఆయన చెబితే, ఇంటికొచ్చి పేస్టు ట్యూబుని గూట్లో అందనంత ఎత్తున పెట్టేసింది. దాంతో మూడు రోజులు మేం పళ్ళు కూడా తోముకోలేదు. కట్టు కట్టడం కొట్టం గుంజ మీద సాధన చేసింది. రక్తం కారితే శుభ్రమైన గుడ్డ అదిమిపెట్టి, గడియారం చూస్తూ పది నిమిషాలు వదలకూడదు. ఆ పది నిమిషాలూ అమ్మ పెదవులు కదులుతుండేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. కట్టు కట్టడం అవగానే కొట్టంలోకి వెళ్ళి ఆవుల్ని తిట్టేది. ఆ ఏడాది మా ఆవులు గడ్డికన్నా తిట్లే ఎక్కువ తిన్నాయి.

నాకు పన్నెండేళ్ళప్పుడు, అమ్మ పాలకేంద్రానికి వెళ్ళిన సమయంలో, ముట్టుకోవద్దన్న గడ్డి కోసే మిషను తిప్పాను. చక్రం తిరుగుతుంటే కత్తులు చేసే చప్పుడు నాకిష్టం. బుడ్డోడు గడ్డి అందిస్తానని చెయ్యి పెట్టాడు.

వాడి చూపుడువేలి కొస వేలాడుతోంది. వాణ్ణి ఎత్తుకుని పాలకేంద్రం వైపు పరిగెత్తాను. వాడే ఆడుకుంటూ చెయ్యి పెట్టాడని చెప్పేద్దామా అని దారిలో అనిపించింది. వాడికి నాలుగేళ్ళు, వాడి మాట ఎవరు వింటారు? కానీ అమ్మ కనబడగానే నోట్లోంచి నిజమే వచ్చింది.

"అమ్మా, నేనే తిప్పాను. గడ్డి మిషను. ఇప్పుడే."

అమ్మ శుభ్రమైన గుడ్డతో వేలు అదిమిపట్టుకుని వ్యాను ఎక్కింది. నన్ను ఒక్క మాటా అనలేదు. డాక్టరు ఏ కత్తి, ఎంతసేపైంది, మట్టి ఉందా అని అడిగితే నేను చెప్పినదే చెప్పింది. ఆయన కుట్లు వేసి, "కొస బతుకుతుందో లేదో వారం గడిస్తే గాని చెప్పలేను," అన్నాడు.

ఆ వారం అమ్మ నాకు అన్నం పెట్టింది, జడ వేసింది, తిట్టలేదు. నేను కంచంలో సగం వదిలేసి లేచేదాన్ని. నాలుగో రోజు ఆగలేక కొట్టంలోకి వెళ్ళాను. అమ్మ ఆవు ముందు నిలబడి ఉంది. దాన్ని తిట్టడానికి కూడా మాట రాక ఏడుస్తోంది.

"నన్ను తిట్టమ్మా," అన్నాను. "ఒక్కసారి తిట్టేయ్."

"మాటిచ్చాను కదే."

"నేనే అడుగుతున్నాగా! ఎవరికీ చెప్పను."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్ను తిట్టాలని కడుపు ఉడికిపోతోంది. నిజం చెప్తున్నా. కానీ నిన్ను తిడితే ఆ ఇద్దరూ వింటారు. రేపు వాళ్ళకేదైనా అయితే మళ్ళీ మేజోడు కింద దాచుకుంటారు."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. అలాగే పక్కన నిలబడి ఆవుకు గడ్డి వేసింది.

ఎనిమిదో రోజు డాక్టరు కట్టు విప్పాడు. కొస కాస్త వంకరగా, గులాబీ రంగులో, బతికే ఉంది. బుడ్డోడు దాన్ని ఆడించి చూపించి, తన ఘనకార్యమైనట్టు నవ్వాడు. అమ్మ ఆ గదిలోనే నేల మీద కూలబడిపోయింది.

ఆ సాయంత్రం పాల క్యాను మూత సరిగ్గా పెట్టలేదని అమ్మ నన్ను అరగంటసేపు ఏకధాటిగా, ఏడు తరాలనూ కలుపుకుని దులిపేసింది. మూత పెట్టింది కోతి. ఆ సంగతి నేను చెప్పలేదు. చేతులు కట్టుకుని, ఒక్క మాట కూడా పోగొట్టుకోకుండా అంతా విన్నాను.