వారానికొక మాత్ర

మెట్టుగూడలో మా ఇంటి ముందుగదిలో ఆరు టైపు మిషన్లుండేవి. అమ్మ టైపు నేర్పేది. నాన్న రైల్వే ఉద్యోగం కోసం విజయనగరం వైపు నుంచి వచ్చేసిన కొత్తలో ఒక్క మిషన్‌తో మొదలుపెట్టిందట. పొద్దున్న ఆరింటికల్లా లోయర్ పరీక్ష వాళ్ళ బ్యాచ్, ఆ తర్వాత హయ్యర్ వాళ్ళది. ఆ టకటకల మధ్యే చదువుకున్నాను, జ్వరాలు పడ్డాను, అలిగి పడుకున్నాను. ఇప్పటికీ మరీ నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో నాకు నిద్ర పట్టి చావదు.

తర్వాత కంప్యూటర్ల కాలం వచ్చిపడింది. సికింద్రాబాదులో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ పోస్టర్లే. నాతో ఎమ్మెస్సీ చదివినవాళ్ళలో సగంమంది బయోకెమిస్ట్రీ పుస్తకాలు అటకెక్కించి అమీర్‌పేట బస్సెక్కేశారు. అమ్మ బ్యాచ్‌లు కూడా పల్చబడ్డాయి. నేను మొండిదాన్ని కదా, పరిశోధనలో చేరాను. నా పనేమిటంటే మేక మోకాళ్ళు కొయ్యడం!

వారానికి రెండుసార్లు మటన్ కొట్టుకెళ్ళి మోకీళ్ళు కొనేదాన్ని. కొట్టతను జాలిపడేవాడు. "ఏందమ్మా, జెర మంచి కూర గిట్ల తీస్కపోరాదు? ఈ కీళ్ళేం జేస్కుంటవ్?"

"వీటి మీదే చదువు, భాయ్."

"మేక కాళ్ళ మీద సుత చదువున్నదా!" అని పక్కవాళ్ళకి చెప్పి మరీ నవ్వేవాడు.

ఉంది మరి. కీలు దగ్గర ఎముక చివర తెల్లగా, నున్నగా మృదులాస్థి ఉంటుంది. దాన్ని కొరికే ఎంజైమ్ ఒకటుంది. అది చెడ్డదేం కాదు. పాతదాన్ని తీసి కొత్తదానికి చోటివ్వడం దాని పని. మామూలప్పుడు నోరు కట్టుకుని పడుంటుంది. కీలులో వాపు మొదలైందా, కణాలు ఒకదానికొకటి కబుర్లంపుకుంటాయి, ఎంజైమ్‌లు కుప్పలుగా పుడతాయి, నోళ్ళు తెరుస్తాయి. ఇక మంచీ చెడూ చూడవు. ల్యాబులో నేను మేక మృదులాస్థిని ఐసులో నూరి, ఆ ఎంజైమ్ ఎంతుందో కొలిచేదాన్ని. ఐసు మీంచి తీశాక పది నిమిషాలంటే పది నిమిషాలే. అర నిమిషం ఎక్కువైతే ఆ రోజు పనంతా పారబోసేదాన్ని. జూనియర్లు నన్ను చూస్తే హడలిపోయేవాళ్ళు.

"నీ థీసిస్ పుస్తకం నేనే టైపు కొడతాను. డీటీపీ వాడికిచ్చావంటే ఊరుకోను" అనేది అమ్మ. "ముందు స్నానం చేసిరా. ఆ మేకల చేతుల్తో నా మిషన్ ముట్టుకోకు."

నా రెండో ఏడాదిలో అమ్మ వేళ్ళు వాచాయి. "ఏటోనే, పొద్దున్న లేస్తే పిడికిలి తెరుచుకోదు" అంది. డాక్టరు పరీక్షలు చేయించి కీళ్ళవాతం అన్నాడు. నేను పగలంతా కొలిచేదే మా అమ్మ చేతిలో నోరు తెరిచి కూర్చుందన్నమాట. మాత్ర రాసిచ్చాడు. వారానికి ఒక్కటంటే ఒక్కటే, పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుందని మరీమరీ చెప్పాడు. నేను ఇంటికొచ్చి, పెద్ద తెలిసినదానిలా, క్యాలెండర్ మీద కాగితం అంటించాను: శనివారం ఉదయం, టిఫిన్ తిన్నాక. వారం చివరైతే గుర్తుంటుందని నా లెక్క. "వారం తప్పావో, ప్రమాదం!" అని భయం కూడా పెట్టాను. మాటిమాటికీ తిరగక్కర్లేకుండా మూడు స్ట్రిప్పులు ఒకేసారి కొనిచ్చాను.

"తగ్గిందా అమ్మా?" అంటే "తగ్గుతాదిలే" అనేది. నేను చెప్పులేసుకుంటూ అడిగేదాన్ని, ఆవిడ వంటింట్లోంచి చెప్పేది. ఏడు నెలలు అలాగే గడిచాయి. వేళ్ళు వంకర తిరగడం మొదలైంది. డాక్టరు తల పట్టుకుని, మందు పెంచాలన్నాడు. ఎన్ని మిగిలాయో చూద్దామని అమ్మ టైపు రిబ్బన్లు పెట్టుకునే రేకు డబ్బా తెరిచాను. మూడు స్ట్రిప్పులూ ఉన్నాయి. ఒక్క మాత్ర ఊడలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటమ్మా ఇది!" అని వీధి దాకా వినపడేలా అరిచాను.

"అరవకే. శనివారం నేను టిఫిన్ ఎప్పుడు తిన్నానే? పొద్దుగూకే దాకా పచ్చి మంచినీళ్ళేనా ముట్టను కదా. తిన్నాకే వేసుకోమని నువ్వే రాశావు. పోనీ ఆదివారం వేసుకుందామంటే, వారం తప్పితే ప్రమాదమన్నావు."

క్యాలెండర్ మీది కాగితం పీకేశాను. ఆదివారానికి మార్చాం. మూడు నాలుగు నెలల్లో వాపు తీసింది, పొద్దుటి పట్టు సడలింది. వంగిన వేళ్ళు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి.

థీసిస్ రాయడం అయ్యాక అమ్మ కొత్త రిబ్బన్ వేసి, చీర కొంగు దోపుకుని కూర్చుంది. మొదటి పేజీలో నాలుగు లైన్లు కొట్టింది. ఎడమ చిటికెనవేలు 'ఏ' అక్షరం మీద పడదే! ఎన్ని వందలమందికి ఆ వేలు అక్కడ పెట్టడం నేర్పిందో. కాగితం నెమ్మదిగా బయటికి తీసి, "డీటీపీ వాడికే ఇచ్చెయ్యి" అంది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

నల్లట్ట వేయించి తెచ్చిన థీసిస్ అమ్మ ఒళ్ళో పెట్టాను. అరచేత్తో పేజీలు తిప్పింది. "ఇంతకీ ఇన్నాళ్ళూ ఏటి కనిపెట్టావే?"

"ఒకసారి అరిగిన మృదులాస్థి మళ్ళీ రాదమ్మా. మొదట్లోనే మందు పడితే ఆపొచ్చు" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను.

అమ్మ తన చేతులకేసి చూసుకుంది. "నిన్నొక్క మాట అడగాల్సింది నేను. నా తెలివితక్కువతనం" అంది. మళ్ళీ తనే నన్ను వెనకేసుకొచ్చింది. "నా ఉపవాసం సంగతి నీకు తెలిసుంటే శనివారం రాసేదానివా ఏటి?"

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ శనివారం శనివారం మాకు వడ్డించి, తను పక్కన ఊరికే కూర్చునేది అమ్మ.

"తెలుసమ్మా," అన్నాను. "గుర్తు రాలేదు."